మూలం డాక్టరుగారు

పన్ను నొప్పి అంటూ దవడ పట్టుకుని ఎవరొచ్చినా, ఆ డాక్టరుగారు ముందు పన్ను చూసేవారు కాదు. "ఏం పని చేస్తుంటారు?" అని అడిగేవారు. ఆ పనికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఏ దేశంలో పుట్టిందో, ఏ భాషలో పెరిగిందో, ఎవరెవరి నోళ్ళలో పడి నలిగి ఇక్కడిదాకా వచ్చిందో చెప్పనిదే ఆయన ఒక్క పన్నూ పీకి ఎరగరు. మిగతా డాక్టర్లు జబ్బుకి మూలం వెతికితే ఈయన జబ్బుపడ్డవాడి ఉద్యోగానికి మూలం వెతికేవారు. దాంతో ఆయన అసలు పేరు బోర్డు మీదే ఉండిపోయింది. జనం నోట్లో మాత్రం ఆయన మూలం డాక్టరు.

పైగా పళ్ళ డాక్టరు చేతికి చిక్కినవాడికి తప్పించుకునే దారి ఉండదు. వెల్లకిలా వాలిన కుర్చీ, మొహం మీద దీపం, నోట్లో అద్దం, దూది, ఉమ్ము పీల్చే గొట్టం. ఎదురు చెబుదామంటే "ఆఁ", "ఊఁ" తప్ప ఇంకేమీ బయటికి రాదు. ఆ "ఆఁ"ని డాక్టరుగారు సందేహం కింద జమ కట్టేవారు. "ఏం, నమ్మకం కుదరలేదా? అయితే ఇంకో రెండొందల ఏళ్ళు వెనక్కి పోదాం పదండి" అనేవారు. పాపం ఆ మనిషి ఒద్దు మొర్రో అని మళ్ళీ "ఆఁ" అంటే, ఏకంగా రోము నగరం దాకా తీసుకుపోయేవారు.

నర్సమ్మకి ఈ సంగతి ఉద్యోగంలో చేరడానికి వచ్చిన రోజే తెలిసింది. మెట్లెక్కి పైకి వస్తే ముందు గది. గోడవారగా బల్లలు, తలుపు పక్కన కౌంటరు, కౌంటరు వెనక డాక్టరుగారి భార్య. ఆవిణ్ణి అందరూ అమ్మగారనేవారు. ఆ గదికీ, కుర్చీ ఉన్న లోపలి గదికీ మధ్య ఒక చెక్క గోడ. లోపల ఎవరైనా దగ్గితే బయట కూర్చున్నవాళ్ళు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునేంత పల్చటి గోడ.

నర్సమ్మ తన సర్టిఫికెట్లు చేతికిస్తే డాక్టరుగారు వాటివైపు కన్నెత్తి చూడలేదు.

"నర్స్ అంటే ఏమిటి అమ్మాయ్?"

"రోగుల్ని చూసుకునేదండి."

"అది నువ్వు చేసే పని. నేనడిగేది మాట సంగతి. లాటిన్‌లో పోషించడం అనే మాటుంది. అందులోంచి వచ్చింది. పాలు పట్టి, పెంచి పెద్ద చేసేది అన్నమాట. తర్వాత ఆ మాట ఫ్రాన్సు వెళ్ళి..."

చెక్క గోడ అవతల్నుంచి అమ్మగారి గొంతు వినిపించింది. "అది ఫ్రాన్సు వెళ్ళేలోపు ఆ పిల్ల ఇంటికి వెళ్ళిపోతుంది! ఆ అమ్మాయి మనల్ని పోషించడం తర్వాత సంగతి, మనం ఆ అమ్మాయికి ఇచ్చే జీతమేమిటో ముందు చెప్పండి!"

నర్సమ్మ ఉద్యోగం అలా ఖాయమైంది.

చేరిన కొత్తలో ఒక ప్లంబరు వచ్చాడు. దవడ బూరెలా వాచిపోయి ఉంది. డాక్టరుగారు అద్దం చేతిలోకి తీసుకుంటూ, "ప్లంబరంటే ఏమనుకున్నారు? అసలు మీ మాట పుట్టింది సీసంలోంచి" అన్నారు.

ప్లంబరు కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. "సీసా ముట్టుకుని చాలా కాలమైందండీ! మా ఆవిడేమైనా వచ్చి చెప్పిందా?"

"సీసా కాదయ్యా, సీసం. బరువుగా ఉంటుందే, ఆ లోహం. లాటిన్‌లో దాన్ని ప్లంబమ్ అనేవారు. వెనకటికి నీళ్ళ గొట్టాలు దాంతోనే చేసేవారు. ఆ పని చేసేవాడు ప్లంబరయ్యాడు."

"హమ్మయ్య" అని వాలాడు ప్లంబరు. కాసేపయ్యాక "ఇంజెక్షను ఎప్పుడు చేస్తారండీ? అదంటేనే నాకు హడలు" అని అడిగాడు. అప్పటికి ఇంజెక్షనూ అయింది, పన్నూ ఊడి పళ్ళెంలో పడింది.

కుట్టుపని చేసే ఆవిడ వచ్చినప్పుడు, "టైలర్ అంటే కుట్టేవారని కాదమ్మా, కోసేవారని అర్థం. ఫ్రెంచిలో కోయడమనే మాటలోంచి వచ్చింది" అన్నారాయన. బయట్నుంచి అమ్మగారు వెంటనే అందుకున్నారు. "ఇప్పుడర్థమైంది! నేనిచ్చిన గుడ్డంతా కోసి పెట్టుకుని నెల్లాళ్ళయింది, కుట్టు మాత్రం పడలేదు!" కుట్టుపని ఆవిడ నోట్లో దూదితోనే చేతులు జోడించి, సైగలతో గడువు అడిగింది.

ఒక వడ్రంగి అయితే తలుపు బాగుచెయ్యడానికి వచ్చి, తన మాటకి మూలమేమిటో వినాలని సరదాపడి కుర్చీలో కూర్చున్నాడు. వెనకటి రోజుల్లో రెండు చక్రాల బండ్లు, రథాలు చేసేవాడే కార్పెంటరని విని మురిసిపోయాడు. కిందికి దిగేటప్పుడు అతనికి రథం గౌరవం దక్కింది కానీ రెండు పుచ్చు పళ్ళు లేవు.

ఈ కీర్తి ఊరంతా పాకింది. పాకడంలో కొంచెం దారి తప్పింది కూడా. ఒకనాడు ఒక బ్యాంకు క్యాషియరు నడవలేక నడుస్తూ మెట్లెక్కి వచ్చాడు. కుర్చీ చూపించి "కూర్చోండి" అన్నారు డాక్టరుగారు.

"కూర్చోగలిగితే మీ దగ్గరికెందుకొస్తానండీ?"

"కూర్చోకపోతే నేను చూసేదెలా?"

"కూర్చుంటే మాత్రం మీకెలా కనబడుతుందండీ?"

డాక్టరుగారు కాసేపు ఆలోచించి ఇది కొత్త రకం భయం కాబోలనుకున్నారు. ఎప్పటిలాగే పనేమిటని అడిగారు. బ్యాంకు అని వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. "బ్యాంకంటే బల్లండీ! ఇటలీలో డబ్బు మార్చేవాళ్ళు వీధిలో బల్లలేసుకుని కూర్చునేవారు. ఆ బల్లే మీ బ్యాంకుకి మూలం."

"నా మూలానికి మూలం కూడా అదేనండీ!" అని బావురుమన్నాడు క్యాషియరు. "పొద్దస్తమానం ఆ బల్ల దగ్గర కూర్చునే ఈ మూలవ్యాధి తెచ్చుకున్నాను. మూలం డాక్టరంటే మీరే కదా, చిటికెలో తగ్గిస్తారని చెప్పారు!"

ముందు గదిలో అమ్మగారు నవ్వాపుకోలేక కౌంటరు కింద దేనికోసమో వెతుకుతున్నట్టు దాక్కున్నారు. నర్సమ్మ ఆ క్యాషియర్ని సరైన డాక్టరు దగ్గరికి పంపించింది. మూలం డాక్టరుగారు మాత్రం అతను మెట్లు దిగుతుంటే పైనుంచి, "దివాలా తీస్తే బ్యాంక్‌రప్ట్ అంటారే, దానికీ ఈ బల్లే మూలం. విరిగిన బల్ల!" అని అరిచి చెప్పారు.

నర్సమ్మకి ఆయనంటే గౌరవమే. చెయ్యి తేలిక. మనిషి మంచివాడు. కానీ నోరే. తన గొంతు తాను వింటూ మురిసిపోతారనీ, నోరు తెరుచుకుని పడి ఉన్నవాళ్ళ మీద పాండిత్యం గుమ్మరిస్తారనీ ఆమె గట్టి నమ్మకం. ఒక్కోసారి రోగులకంటే ఎక్కువగా తనే విసుక్కునేది. "ఒక పన్ను తీసే టైములో ఇంకోచోట నలుగురికి తీసి పంపిస్తారమ్మగారూ" అని అమ్మగారితో గొణిగేది.

ఆ ఇంకోచోటు త్వరలోనే వచ్చింది. సరిగ్గా ఎదురుగానే కొత్త పళ్ళ ఆస్పత్రి తెరిచారు. అద్దాల తలుపులు, చల్లటి గది, గోడ మీద టీవీ. కుర్ర డాక్టరు. మాటల్లేవు, పని ఒక్కటే. చేతి గడియారం చూసుకుంటూ వెళ్ళేవాళ్ళంతా అటు తిరిగారు. వారం తిరిగేసరికి ముందు గదిలో బల్లలు ఖాళీ అయ్యాయి. అమ్మగారు కిటికీలోంచి ఎదుటి తలుపుకేసి చూసి చూసి, ఒక పొద్దున గబగబా లోపలికి వచ్చారు.

"ఏమండీ, ఇవాళ్టి నుంచి ఒకటే మాట. నోరు వాళ్ళు తెరవాలి, మీరు మూయాలి."

"ఏమీ చెప్పకుండా ఎలాగే?"

"లోకంలో పళ్ళ డాక్టర్లంతా ఎలా చేస్తున్నారో అలాగే."

డాక్టరుగారు నర్సమ్మవైపు ఆశగా చూశారు. నర్సమ్మ పనిముట్లు తుడవడంలో మునిగిపోయింది. ఆయన నిట్టూర్చి మూతికి గుడ్డ కట్టుకున్నారు.

ఆ రోజు మొదట వచ్చింది కానిస్టేబులు. పాత పేషెంటే. ఇదివరకు వచ్చినప్పుడు కానిస్టేబులంటే రాజుగారి గుర్రాలశాల అధికారి అని విని వెళ్ళి, స్టేషనులో ఆ మాట చెప్పుకుని చాలాకాలం ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఈసారి కుర్చీలో వాలి, ఇంకేదైనా వినిపిస్తారేమోనని ఎదురుచూశాడు. డాక్టరుగారు మాట్లాడలేదు. దీపం వేశారు. అద్దం పెట్టి చూశారు. తల ఊపారు.

కానిస్టేబులు మొహంలో రంగు మారింది. "ఏంటండీ, ఏమీ అనట్లేదు?"

డాక్టరుగారు మాట్లాడలేదు.

"అంత పెద్ద జబ్బా? నా దగ్గర దాచకండి డాక్టరుగారూ, నేను తట్టుకోగలను. మా ఆవిడకి మాత్రం మెల్లగా చెప్పండి."

డాక్టరుగారు ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపారు. ఆ ఊపడాన్ని కానిస్టేబులు 'ఇంకేం లాభం లేదు' అని అర్థం చేసుకున్నాడు. సూది దగ్గరికి వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు కూడా మూశాడు. మధ్యలో డాక్టరుగారి వేలుంది.

ఆ తర్వాత ఒక లారీ డ్రైవరు, మనిషి తలుపంత ఉంటాడు, సూది చూసి మెడలో కట్టిన గుడ్డతో సహా మెట్లు దిగి పారిపోయాడు. కుట్టుపని ఆవిడ పిప్పి పన్ను నింపించుకోవడానికి వచ్చి మిషను చప్పుడుకే ఏడ్చింది. నర్సమ్మ ఉలిక్కిపడింది. ఆ మిషను అంత చప్పుడు చేస్తుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. పళ్ళెంలో పనిముట్టు పెడితే ఖంగుమంటుందనీ తెలియదు. ఇన్నాళ్ళూ వాటన్నిటి మీదా ఏదో ఒక దేశం మాట పారుతూ ఉండేది.

ఇలా కొన్నాళ్ళు గడిచింది. బల్లలేమీ నిండలేదు. ఉన్నవాళ్ళు అరుస్తున్నారు, విన్నవాళ్ళు వెనక్కి తిరిగిపోతున్నారు.

ఒక మధ్యాహ్నం మెట్ల కింద చెప్పులు కుట్టే పెద్దాయన పైకి వచ్చాడు. ఆయన అక్కడ ఎప్పట్నుంచో కూర్చుంటున్నాడు కానీ ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. బుగ్గ ఎర్రగా ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది.

"ఇదెన్నాళ్ళ నుంచి?" అని నర్సమ్మ అదిరిపడింది. "కిందే ఉండి ఇంతకాలం ఎలా ఓర్చుకున్నావు పెద్దాయనా?"

"లవంగం పెట్టుకుని నెట్టుకొచ్చానమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడు డాక్టరుగారు ఎవర్నీ ఏమీ అడగట్లేదంట కదా. అందుకే వచ్చా."

కుర్చీలో పడుకున్నాక ఆయన రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకున్నాడు. ఒళ్ళంతా కర్రలా బిగిసిపోయింది. డాక్టరుగారు కట్టు ఉన్న వేలు జాగ్రత్తగా మడుచుకుని సూది తీశారు. పెద్దాయన కాళ్ళవైపు చూశారు. సూది పక్కన పెట్టారు. మళ్ళీ తీశారు, మళ్ళీ కాళ్ళవైపు చూశారు, మళ్ళీ పెట్టేశారు.

"నా కాళ్ళకేసి చూస్తారేంటండీ?" అన్నాడు పెద్దాయన వాచిన నోటితోనే. "అందరి కాళ్ళూ చూసేవాణ్ణి నేను కదా!"

డాక్టరుగారు తప్పు చేస్తూ పట్టుబడ్డ పిల్లాడిలా తల తిప్పుకున్నారు. అప్పుడు నర్సమ్మ కూడా ఆ కాళ్ళు చూసింది. వేళ్ళు పిడికిలిలా ముడుచుకుని ఉన్నాయి. ఆమెకి ఒక్కసారిగా ప్లంబరు గుర్తొచ్చాడు, వడ్రంగి గుర్తొచ్చాడు. కథ చెప్పేటప్పుడు డాక్టరుగారు ఎప్పుడూ రోగి మొహం చూడరు. దూరంగా ఎటో చూస్తూ, తన మాటల్లో తాను మైమరిచిపోయి ఉంటారనుకుంది ఇన్నాళ్ళూ. ఆయన చూస్తున్నది ఎటో కాదు. కాలి వేళ్ళు ఎప్పుడు వదులవుతాయా అని. అవి వదులైన క్షణంలో సూది దిగేది. మాట మాత్రం ఆగేది కాదు.

ఇంతలో లోపలి తలుపు తెరుచుకుంది. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని పన్ను తీసే వేళ ఎన్నడూ ఆ గడప దాటని అమ్మగారు, కళ్ళకి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చారు.

"ఏమండీ, చెప్పండి ఆయనకి."

"నోరు తెరవద్దన్నది నువ్వే కదే."

"నేనే అంటున్నా, తెరవండి. ఇన్నేళ్ళు ఆ గోడ పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ మీ గోలే గానీ ఇంకొకరి అరుపు వినలేదు. ఈ నాలుగు రోజుల్లో విన్న ఏడుపులు చాలు నాకు. చెప్పండి!"

"ఒద్దమ్మగారూ!" పెద్దాయన గాభరాగా లేవబోయాడు. "నాకు చెప్పొద్దు. అడగరని తెలిసే పైకొచ్చాను."

"ఎందుకని?" అన్నారు అమ్మగారు.

పెద్దాయన మళ్ళీ వెనక్కి వాలాడు. "పైకెళ్ళిన ప్రతివాడూ దిగొచ్చి నాకు చెబుతాడండీ. కానిస్టేబులుగారిది రాజుగారి గుర్రాలశాలంట. వడ్రంగిది రథమంట. నాది ఏం తేలుతుందో! ఏ చెత్త మాటో తేలితే, రేపట్నుంచి అదే మెట్ల కింద కూర్చోవాలి కదండీ నేను. తెలియకుండా ఉంటేనే నయం."

డాక్టరుగారు మూతి గుడ్డ కిందికి లాగారు. నర్సమ్మ ఆయన మొహంకేసి చూసింది. కోబ్లర్ అన్న మాట గురించి ఆయన లావుపాటి నిఘంటువులు ముందేసుకుని తల పట్టుకోవడం ఆమె చూసింది. ఏదో ఒక మంచి అబద్ధం చెప్పేస్తే పోతుంది కదా అని ఆమెకి అనిపించింది. కానీ మాట మూలం విషయంలో ఆయన అబద్ధం చెప్పరు. మాంసం కొట్టు ఆయన ఎంత పెద్ద కత్తి చేతిలో పట్టుకుని వచ్చినా, బుచ్చర్ అన్న మాట మేకపోతులోంచి పుట్టిందని మొహం మీదే చెప్పిన మనిషి.

"పెద్దాయనా, నిజం చెప్పేస్తున్నాను" అన్నారు డాక్టరుగారు. "మీ మాట మూలం నాకు దొరకలేదు."

"మీకు దొరకలేదా?"

"నాకే కాదు, ఎవరికీ దొరకలేదు. ఆ దేశం పండితులంతా తవ్వారు. పాత పుస్తకాల్లో చూస్తే అప్పటికే మీ కోబ్లర్ వచ్చి కూర్చుని చెప్పు కుడుతున్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడయ్యా అంటే తెలియదని రాసి కలాలు కింద పెట్టేశారు."

"అంటే... మా మాటకి అమ్మా నాన్నా లేరంటారా?"

"ఉండే ఉంటారు. చిరునామానే ఎవరికీ చిక్కలేదు. నోరు తెరవండి. చూడండీ, బ్యాంకువాడి పేరు ఇటలీ బల్ల. ప్లంబరు పేరు రోమువాళ్ళ సీసం. నా సంగతి మాత్రమేమిటి? డాక్టరంటే లాటిన్‌లో పాఠం చెప్పేవాడు. అందరం అరువు తెచ్చుకున్న పేర్లతో బతుకుతున్నవాళ్ళమే. మీ మాట ఒక్కటే, ఫలానావాడి దగ్గర తెచ్చుకుందని ఇప్పటిదాకా ఎవడూ రుజువు చెయ్యలేకపోయాడు."

"ఆఁ?" అన్నాడు పెద్దాయన.

"నమ్మకం కుదరలేదా? అయితే కొంచెం వెనక్కి వెళదాం..."

నర్సమ్మ మాటలు వినడం లేదు. కాలి వేళ్ళకేసి చూస్తోంది. అవి ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. కాసేపటికి కుడి పాదం తాళం వేస్తున్నట్టు ఊగడం మొదలుపెట్టింది. మాటలు ఏ దేశంలో ఉన్నాయో ఆమెకి తెలియదు గానీ, సూది ఎప్పుడు దిగిందో మొదటిసారి చూసింది.

"హొరకలేహన్నమాహ!" అన్నాడు పెద్దాయన దూది నోటితో, పొట్ట అదిరేలా నవ్వుతూ.

"దొరకలేదు."

"హొరకహు!" అని తీర్మానించాడాయన. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు పన్నెప్పుడు తీస్తారని సైగ చేశాడు. డాక్టరుగారు పళ్ళెం చూపించారు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే నర్సమ్మ అడిగేసింది. "ఇదంతా వాళ్ళ భయం పోగొట్టడానికేనా డాక్టరుగారూ?"

"భయమా, ఎవరికి?" అని కసిరారాయన. "ఊరికే వాగే జబ్బు నాది. ఆ సబ్బు ఇలా ఇవ్వు." చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నర్సమ్మ ఇంకేమీ అడక్కుండా సబ్బు అందించింది. మర్నాటి నుంచి కౌంటరు దగ్గర అమ్మగారే ప్రతివాళ్ళనీ ముందుగా ఏం పని చేస్తారని అడిగి, చెక్క గోడ మీదుగా లోపలికి కేకేసి చెప్పేవారు. ఆయనకి తయారవడానికి టైము దొరుకుతుందని.

బల్లలు మెల్లగా నిండాయి. పారిపోయిన లారీ డ్రైవరు మెడ గుడ్డ ఉతికి మరీ తెచ్చిచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చెప్పుల పెద్దాయన మెట్ల కింద ఎవరి చెప్పు చేతిలోకి తీసుకున్నా, "పండితులకే అంతు చిక్కలేదంట మా సంగతి" అని మొదలుపెట్టేవాడు. కుట్టు పడేది కానీ కథ అయ్యేది కాదు.

ఒకనాడు ఎదుటి అద్దాల ఆస్పత్రి కుర్ర డాక్టరు, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎవరి కంటా పడకుండా ఆ మెట్ల దగ్గరికి వచ్చాడు. చివరి దంతం పుచ్చి బుగ్గ వాచింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లోకానికంతా సూదులు వేసే మనిషికి, తాను వేయించుకోవాలంటే హడలు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

పెద్దాయన కుడుతున్న చెప్పు పక్కన పెట్టి ఆ కాళ్ళకేసి చూశాడు. బూట్లలోనే వేళ్ళు ముడుచుకున్న సంగతి ఆయనకి తెలిసిపోయింది.

"భయపడకు బాబూ, వెళ్ళు. పైన అమ్మగారు ఏం పని చేస్తావని అడుగుతారు. డెంటిస్టునని మాత్రం చెప్పకు. ఆ మాటలో పన్ను తప్ప ఇంకేం లేదంట, రెండు ముక్కల్లో అయిపోతుంది. సూది దిగడానికి చాలదు." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "చెప్పులు కుడతానని చెప్పు. మా కథయితే ఎంతసేపు చెప్పినా తెమలదు."